బోర్డు బాగుందప్పా!

అమెరికాలోని బోస్టన్ నగరానికి ఆనవాలు ఓ పెట్రోలు కంపెనీ ప్రకటన. 60 అడుగుల పలక మీద ఎర్ర త్రికోణం, కింద ‘సిట్గో’ అని పేరు, చుట్టూ ఒకప్పుడు నియాన్ గొట్టాల వెలుగు. 1980ల ఆరంభంలో కంపెనీ దాన్ని పీకేయబోతే ఊరు ఊరంతా అడ్డం పడింది. ప్రకటనను ప్రకటనదారు నుంచే కాపాడారన్నమాట!

మన ధర్మవరమేమీ తక్కువ తినలేదు. ఇక్కడా చీకటి పడితే పట్టుచీరల బోర్డులు ధగధగలాడతాయి. ‘అచ్చమైన చేనేత’ అన్న అక్షరాలు బారెడు పొడవు. లోపల చీరను మాత్రం అంత దగ్గరగా చూడకూడదు. అంచున్న పట్టుచీర చేమగ్గానిదేనని 1985లోనే చట్టం వచ్చింది. మరమగ్గానికి చదువు రాదు కాబోలు, రాత్రీపగలూ నేస్తూనే ఉంది! నేతన్న ధర్నాకు కూర్చుంటే అధికారులు వస్తారు, తనిఖీ అంటారు, కాఫీ తాగి పోతారు.

ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉందండోయ్. అదేదో ఆ బోర్డులకే ఇప్పించి ఉంటే సరిపోయేది. కనీసం అవైనా ఇక్కడ బిగించినవే!