నాన్నగారికి తెలియకుండా నాన్నగారి కారు

పుట్టినరోజుకి పంచెల చాపు తెచ్చి ఆశ్చర్యపరిచే కాలం పోయింది. ఇప్పుడు షోరూములో గుడ్డ కప్పిన బండి ఉండాలి. దాని నెత్తిన రెండు చేతులకీ పట్టనంత ఎర్ర రిబ్బను పువ్వు ఉండాలి. "చిన్న పనుంది, వెళ్ళొద్దాం రండి" అని నాన్నగారిని తీసుకొచ్చి ఆయన చేతే ఆ గుడ్డ లాగించాలి. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవడం సెల్‌ఫోన్లో పడాలి. రిబ్బను మన ఆచారం కాదు. అమెరికాలో లెక్సస్ కంపెనీ తన డిసెంబరు ప్రకటనల్లో ఇంటి ముందున్న కారుకి ఏళ్ళ తరబడి కట్టి చూపించింది. అదే ఇక్కడికొచ్చి కొబ్బరికాయ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, అట్టతో చేసిన మూరెడు తాళంచెవి సరసన కుదురుకుంది. మీరూ ఈ పని చెయ్యదలుచుకుంటే విధానం కింద చెబుతాను. అడ్డంకి ఒక్కటే ఉంది, అది కాస్త పెద్దది. ఈ దేశంలో కారు తన యజమానికి తెలియకుండా ఆయనది కాలేదు. ఎంత గుట్టుగా కొంటే బండి అంత మీదవుతుంది. ఎంతగా ఆయనదైతే గుట్టు అంతగా రట్టవుతుంది. మిగతా మెలకువలన్నీ ఈ చిక్కుని ఎలా దాటాలన్నదాని గురించే.

మొదటి మెట్టు కాగితాలు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కకూడదు. రిజిస్ట్రేషన్ కోసం పెట్టే దరఖాస్తు ఫారం 20. అందులో యజమాని పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా అడుగుతారు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు అంటించడానికి కూడా చోటుంటుంది. ఆ అచ్చు షోరూం కుర్రాడు తీసిపెడతాడు, సంతకం మాత్రం నాన్నగారే పెట్టాలి. బండి ఖరీదు పది లక్షలు దాటితే డీలరు ఒక శాతం టీసీఎస్ వసూలు చేసి కొన్నవారి పాన్ మీద జమ చెయ్యాలి, కాబట్టి పాన్ కార్డు కావాలి. ఆధార్ కావాలి, ఫొటోలు కావాలి. ఎక్కడో ఒకచోట ఆయన సెల్లుకి ఓటీపీ వస్తుంది, అదీ కావాలి. ఇంకోసారి చూడండి: ఒక పెద్దాయన ఆధార్ నకలు, పాన్ నకలు, ఫొటో, సంతకం, ఓటీపీ, ఇవన్నీ ఎందుకో చెప్పకుండా రాబట్టాలి. ఈ పని వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ కోసమే ప్రభుత్వం 1930 నంబరు పెట్టింది. పైగా "ఎవరడిగినా ఓటీపీ చెప్పొద్దు నాన్నా, కొడుకునని ఫోన్ చేసినా చెప్పొద్దు" అని పదేపదే నూరిపోసింది మీరే. ఆయన ఆ పాఠం సరిగ్గా నేర్చుకుని ఉంటే మీ సర్‌ప్రైజ్ అక్కడే ఆగిపోతుంది. నేర్చుకోకపోతే కారు కన్నా ముందు ఆయన బ్యాంకు ఖాతా సంగతి చూడాలి. డాలస్‌లో కూచుని తెనాలిలో తండ్రికి కారు పంపదలిచినవారికి కష్టం మరో పాలు ఎక్కువ. ఆ ఓటీపీ పది నిమిషాలే పనిచేస్తుంది, అప్పటికి డాలస్‌లో అర్ధరాత్రి.

"ఇదంతా ఎందుకు, నా పేరున కొని ఆయనకిస్తే పోలా?" అంటారు కొందరు తెలివైనవాళ్ళు. పోతుంది. అప్పుడు మీరిచ్చింది కారు కాదు, కారు తోలుకునే అనుమతి. ఆర్‌సీ మీద మీ పేరుంటుంది, పెద్దాయన మీ బండి నడుపుతుంటారు. సిగ్నల్ దాటినందుకు చలానా మీ సెల్లుకి వస్తుంది. ఫాస్టాగ్ మీ నంబరుతో తీసుకుని ఉంటారు కాబట్టి ఆయన పంతంగి టోల్‌గేటు ఎన్నింటికి దాటారో, కొర్లపహాడ్ ఎన్నింటికి దాటారో మీకు మెసేజ్ వస్తుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పాత స్నేహితుణ్ణి చూడ్డానికి విజయవాడ బయల్దేరిన మనిషికి సూర్యాపేట చేరేలోపే కొడుకు నుంచి ఫోను: "నాన్నా, ఎక్కడికి?" అరవయ్యేళ్ళ మనిషికి ఇలాంటి కానుక ఇచ్చే ముందు కాస్త ఆలోచించాలి. బీమాలో ఇంకో మెలిక ఉంది. పాలసీతో పాటు తీసుకోవాల్సిన పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న యజమానికి, అదీ లైసెన్సున్న యజమానికి. తోలేది నాన్నగారు, రక్షణ మీకు. విడిగా కవర్ తీసుకుంటే తప్ప, చక్రం పట్టుకున్న మనిషిని పాలసీ మరిచిపోతుంది. తర్వాత పేరు మార్పించుకుందామంటే ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. అప్పు మీద కొంటే బ్యాంకు నిరభ్యంతర పత్రం కావాలి. నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, మనిషితో పోతుంది. మీ పేరున ఇప్పటికే ఒక కారుంటే తెలంగాణలో రెండోదానికి జీవితకాల పన్ను అదనంగా పడుతుంది. ఇంత ఖర్చు పెట్టి దాచిన రహస్యం చివరికి ఆర్టీఏ కౌంటరు దగ్గర నాన్నగారి సంతకంతోనే బయటపడుతుంది.

లైసెన్సు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నాన్నగారికి స్కూటరు లైసెన్సు మాత్రమే ఉంటే ముందు లెర్నర్స్, నెల తర్వాత పరీక్ష, నలభై దాటారు కాబట్టి ఫారం 1ఎలో డాక్టరు సర్టిఫికెట్. అన్నాళ్ళూ గుడ్డ కింద ఉన్న కారు గుడ్డ కిందే ఉంటుంది. అయితే వ్యంగ్యం పనికిరాని చోటొకటుంది, అది పద్దెనిమిది నిండని పిల్లలకిచ్చే కారు. 2019లో చట్టానికి చేర్చిన సెక్షన్ 199ఎ ప్రకారం మైనరు బండి తోలి నేరం చేస్తే తల్లిదండ్రులకి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, పాతికవేలు జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. 2024 మేలో పుణె కల్యాణినగర్‌లో పదిహేడేళ్ళ కుర్రాడు తోలాడన్న పోర్షే కారు ఇద్దరు యువ ఇంజనీర్లను బలిగొంది. ఆ కారుకి అప్పటికి శాశ్వత రిజిస్ట్రేషనే లేదు. అక్కడ ఎవరికీ మెలకువలు చెప్పలేం.

సరే, కాగితాలు ఎలాగో గట్టెక్కాయనుకుందాం. ఇక పంచాంగం. పుట్టినరోజు ముహూర్తం చూసుకుని రాదు. అది మంగళవారం పడొచ్చు, అమావాస్య నాడు పడొచ్చు, ఆషాఢంలోనో మూఢంలోనో పడొచ్చు. షష్టిపూర్తి అయితే తారీఖు కాదు, తిథీ నక్షత్రం చూడాలి. మీరు రిబ్బను కట్టించిన రోజు, అమ్మగారి లెక్క ప్రకారం, అసలు పుట్టినరోజే కాకపోవచ్చు. దసరాకీ ధనత్రయోదశికీ డెలివరీ తీసుకునేవాళ్ళు బారులు తీరడానికి కారణం అందరూ ఆ రోజే పుట్టడం కాదు. గుడ్డ తీసిన మరుక్షణం మీ నాన్నగారి నోట వచ్చే మొదటి మాట "థాంక్యూ" కాదు, "ఇవాళ వర్జ్యం ఎప్పటిదాకారా?" తర్వాత రంగు చూస్తారు. మీరు ఇష్టపడి కొన్న నలుపు ఆయన రాశికి కుదరదు. ఆపైన నంబరు: అంకెలు కూడితే తొమ్మిది రావాలి. ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 వేలానికొస్తే లక్షలు పలికేది ఇలాంటి పట్టింపుల వల్లే. చివరికి పూజ ఎక్కడన్నది తేల్చాలి. పెద్దమ్మ గుడా, బెజవాడ దుర్గమ్మా, కాణిపాకమా, కొండగట్టా? పవన్ కల్యాణ్ తన వారాహి బండికి 2023 జనవరిలో పూజ చేయించింది కొండగట్టులోనే అని గుర్తుచేసే మేనమామ ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఇవన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారెయ్యొచ్చు. కానీ గమనించండి: రోజు, రంగు, నంబరు, గుడి, కారు విషయంలో నాన్నగారికి గట్టి పట్టింపులున్నవి ఈ నాలుగే. సర్‌ప్రైజ్ ఆయన దగ్గర్నుంచి సరిగ్గా ఈ నాలుగూ లాక్కుంటుంది. ఇంజను ఎన్ని సీసీలని ఆయనెప్పుడూ అడగలేదు.

చెప్పకుండా ఇచ్చిన కారు పుచ్చుకున్నవారికి ఎంత పడుతుందో లోకానికి తెలియచెప్పిన ఘనత ఓప్రా విన్‌ఫ్రేది. 2004 సెప్టెంబరు 13న తన టీవీ కార్యక్రమంలో ప్రేక్షకులుగా వచ్చిన 276 మందికీ తలా ఒక పాంటియాక్ జీ6 కారు ప్రకటించారు. జనం కేకలేశారు, ఏడ్చారు, ఒకరినొకరు కావలించుకున్నారు. ఆ దృశ్యం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. తర్వాత తెలిసిందేమిటంటే అమెరికా చట్టం దృష్టిలో అది ఆదాయం, ఒక్కొక్కరికీ పన్ను ఏడు వేల డాలర్ల దాకా పడుతుంది. కట్టలేనివారు కారు అమ్ముకోవచ్చు, లేదా వద్దనొచ్చు. కార్లిచ్చింది కంపెనీ, పేరొచ్చింది ఓప్రాకి, బిల్లొచ్చింది ఏడ్చినవాళ్ళకి. ఆ పాంటియాక్ బ్రాండే 2010లో మూతపడింది. మన ఆదాయపన్ను చట్టం ఈ విషయంలో మంచిది, కొడుకు తండ్రికిచ్చిన కానుక మీద పైసా అడగదు. కానీ బిల్లు ఇంకో దారిలో వస్తుంది. పెట్రోలు ఉంది, సర్వీసింగు ఉంది, అపార్టుమెంటు పార్కింగు ఉంది. పాత మారుతి కోసం రెండు స్తంభాల మధ్య గీసిన చోటులో దాదాపు నాలుగు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల ఫార్చ్యూనర్ ఎలా పడుతుందన్నది, అక్కడ రోజూ బండి పెట్టాల్సిన మనిషిని ఒక్కమాట అడిగితే ఆయన చేతి కర్రతో కొలిచి చెప్పేవారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటెయ్యడం న్యాయం కాదు. మన నాన్నల్ని అడిగి ఏదైనా కొనగలమా? "నీకేం కావాలి నాన్నా?" అంటే "నాకేం కావాలిరా, మీరు చల్లగా ఉంటే చాలు" అంటారు. కారు మాటెత్తితే "ఇప్పుడెందుకురా అంత ఖర్చు, ఆ డబ్బుతో ప్లాటు అప్పు తీర్చు" అంటారు. బస్సు పాసుతో ముప్పయ్యేళ్ళు ఉద్యోగం చేసిన మనిషి తన కోసం తానెప్పుడూ కారడగరు. అడిగితే కాదంటారు కాబట్టి అడక్కుండా ఇవ్వడమే దారి, ఆ కాసేపటి ఆనందం కోసమే కదా ఇదంతా, అంటారు పిల్లలు. ఇందులో నిజం చాలా ఉంది. కానీ ఆయన కాదంటున్నది దేనిని? ఖర్చుని. ఎంచుకోవడాన్ని ఆయన ఎప్పుడూ కాదనలేదు. నమ్మకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. "మా ఆఫీసులో ఒకతను వాళ్ళ నాన్నకి కారు కొందామనుకుంటున్నాడు, ఏది బాగుంటుంది?" అని భోజనాల దగ్గర అనండి. వద్దన్న మనిషే గంటసేపు మాట్లాడతారు. ఎత్తుగా ఉంటే మోకాళ్ళకి మంచిదంటారు, గేర్లు లేనిదైతే ఎడమకాలికి పని తగ్గుతుందంటారు, వెనక డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పట్టాలంటారు, తెలుపైతే ఎండకి వేడెక్కదంటారు. అంటే దాచాల్సింది కారుని కాదు, ధరని. ఎక్స్‌షోరూం అంకె చెప్పి ఆన్‌రోడ్ అంకె మింగెయ్యండి. సంతకం పెట్టించేటప్పుడు ఫారం ఇవ్వండి, ప్రొఫార్మా ఇన్‌వాయిస్ మాత్రం కింద కాగితంగా ఉంచండి. "ఈఎంఐ ఎంతరా?" అంటే బ్యాంకువాళ్ళని తిట్టి మాట మార్చండి. ఇందులో వీడియోకి పనికొచ్చే ఘట్టం ఏదీ లేదు, నిజమే. రెండు బియ్యం బస్తాలు డిక్కీలో పట్టించి చూస్తున్న నాన్నగారిని ఎవరైనా తీస్తే తియ్యొచ్చు.

ఇంత చెప్పినా గుడ్డే కప్పుతామనేవారికి ఆఖరి సూచన. కొత్త కారుకి థర్డ్ పార్టీ బీమా మూడేళ్ళకి ఒకేసారి తీసుకోవాలన్నది 2018 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నియమం. సొంత బండికి జరిగే నష్టాన్ని భరించే భాగాన్ని మాత్రం మామూలుగా ఏడాదికే తీసుకుంటారు. పుట్టినరోజు నాడు కొన్న బండికి ఆ గడువు ఏటా పుట్టినరోజుకి ముందు అర్ధరాత్రే తీరుతుంది. కాబట్టి వచ్చే ఏడాది నుంచి నాన్నగారికి తెల్లారగట్ల మొట్టమొదటి సందేశం మనవల నుంచి కాదు, బీమా కంపెనీ నుంచి వస్తుంది, కట్టాల్సిన ప్రీమియంతో సహా. అది చూసి ఆయన ఆ రోజంతా కారు బయటికి తియ్యరు. ప్రపోజల్ ఫారంలో మొబైల్ నంబరు గడి ఒకటుంటుంది. మిగతా గడులన్నీ ఆయన వివరాలతో నింపండి, ఆ గడిలో మీ నంబరు వెయ్యండి. ఆయనకి ఎప్పటికీ చెప్పకండి.