నడక ఉచితం, నిలపడం లక్షలు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన పెద్దవాళ్లు ముందుగా చెప్పే మాట ఒక్కటే: "పాలు తేవాలన్నా కారు తీయాల్సిందే!" అందుకే బోస్టన్‌లో ఉద్యోగం వెలగబెడుతున్న మనవాడు, బీకన్ హిల్ పేటలో కాండో అమ్మకానికి ఉందంటే పులకించిపోతాడు. కాండో అంటే కంగారు పడక్కర్లేదు, మన అపార్ట్‌మెంటు ఫ్లాటే. ప్రకటనలో అబద్ధం ఏమీ ఉండదు. 1634 నాటి బోస్టన్ కామన్ పార్కు పక్కనే, బంగారు గుమ్మటం స్టేట్‌హౌస్ ఎదురుగానే, చార్లెస్ స్ట్రీట్ దుకాణాలు నాలుగడుగుల్లోనే. పగలూ రాత్రీ వెలిగే గ్యాస్ దీపాలు సరేసరి. కారు అక్కర్లేదు.

అక్కర్లేని ఆ కారుకే అక్కడ రాజభోగం. బ్రిమ్మర్ స్ట్రీట్ గ్యారేజీలో పార్కింగ్ గళ్లను కూడా కాండోల్లాగే విడివిడిగా అమ్ముతారు. 2009లో ఒక గడి 3 లక్షల డాలర్లు పలికింది. 2013లో పక్కపేట బ్యాక్ బేలో పన్ను బకాయి కింద రెండు గళ్లు వేలానికొస్తే 5,60,000 డాలర్లకు పోయాయి. గోడల్లేవు, ఆకాశమే పైకప్పు. పైగా ఒకదాని వెనక ఒకటి. ఒక కారు తీస్తే గానీ రెండోది కదలదు. నడకను చూపించి ఇల్లు అమ్మే ఊళ్లోనే కారు నిలిపే జాగాకు ఇంత గిరాకీ!

బీకన్ హిల్‌కే తిరిగొస్తే, అక్కడి బీకన్ స్ట్రీట్‌లో కొన్ని పాత ఇళ్లకు లేత ఊదారంగు కిటికీ అద్దాలుంటాయి. జనం తలెత్తి చూసి ఫొటోలు తీసుకుంటారు. 1820 ప్రాంతంలో ఇంగ్లండు నుంచి తెప్పించిన గాజు అది. అందులోని మాంగనీసు వల్ల ఎండ తగిలేకొద్దీ రంగు తిరిగింది. మన దగ్గరైతే గృహప్రవేశం నాడే బిల్డరు గల్లా పట్టుకునేవాళ్లం. అక్కడ అది హోదా. సరుకులో లోపమున్నా, రెండొందల ఏళ్లు ఎవరూ బాగుచేయించకపోతే వారసత్వ సంపద అయిపోతుంది. మన మున్సిపాలిటీలకు ఈ సంగతి చెప్పకండి.

1955లో చట్టం చేసి బీకన్ హిల్ పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. వీధిలోంచి కనబడే ఏ మార్పుకైనా ఆర్కిటెక్చరల్ కమిషన్ అనుమతి కావాలి, వీధి తలుపు రంగుకు కూడా. గడపకు పసుపు రాసే అలవాటున్నవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవడం క్షేమం. బయటి గోడ మీద పెత్తనం కమిషన్‌ది. మెట్లూ పైకప్పూ కాండో యజమానుల అసోసియేషన్ ఉమ్మడివి. అచ్చంగా మీ ఒక్కరికే చెందేది బ్యాంకు వాయిదా.

పాతదనాన్ని కాపాడుకోవడం ఈ పేటవాళ్లకు కొత్త కాదు. 1947లో ఇక్కడి వెస్ట్ సీడర్ స్ట్రీట్‌లో ఇటుక కాలిబాట తవ్వేయడానికి నగరం మనుషులొస్తే, ఇల్లాళ్లు ఆ ఇటుకల మీదే బైఠాయించి ఆపారు. శభాష్ అనాల్సిందే. కానీ 2014లో చక్రాల కుర్చీలవాళ్ల కోసం, చూపులేనివాళ్ల కోసం వీధి మూలల్లో సిమెంటు ర్యాంపులు, ప్లాస్టిక్ గరుకు పలకలు వేస్తామంటే, పాతకాలపు అందం చెడుతుందని స్థానికుల సంఘం కోర్టుకెక్కింది. నడవడానికి అంత అనువైన పేట మరి! నడవలేనివాళ్ల గొడవ దానికెందుకు?

కొనే ఉద్దేశమున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్కమాట. సంతకం పెట్టేముందు అసోసియేషన్ మీటింగుల మినిట్స్, రిజర్వ్ ఫండ్ లెక్కలు అడిగి చదవండి. పైకప్పు కారుతోందన్న ముచ్చట ప్రకటనలో ఉండదు, అక్కడ ఉంటుంది. పాత ఇళ్లలో చాలావాటికి లిఫ్టు లేదు కనక, వేసవికి వచ్చిన అమ్మానాన్నల్ని ఒకసారి పై అంతస్తు దాకా ఎక్కించి చూడండి. ఇక మీ కారంటారా, ముందే అమ్మేయండి.