గుణానికి కోచింగ్ ఉందా బావా?

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది.

"బావా, గుణానికి కోచింగ్ ఎక్కడ ఇస్తారు?"

ఒకప్పుడు ఇతగాడు ఎంసెట్ రాస్తే ఒక నంబరొచ్చింది. అది పట్టుకుని కౌన్సెలింగ్‌కి వెళ్లి, ముందు నంబర్లవాళ్లు ఏరుకోగా మిగిలిన సీటు తెచ్చుకున్నాడు. ఇప్పుడు కూతురికి శాట్‌లో 1600కి 1580 వచ్చాయి. హార్వర్డ్‌కి అవి చాలవట. పిల్ల మంచిదో కాదో కూడా చూస్తారట.

"చూడటమంటే, ఇంటికొచ్చా?"

"కాదు బావా, కాగితాల్లో."

2018లో బోస్టన్ కోర్టులో హార్వర్డ్ మీద విచారణ నడిచినప్పుడు ఆ వంటింట్లోని పోపుడబ్బాలన్నీ బజార్న పడ్డాయి. చదువుకొక మార్కు, ఆటలకొకటి, ఇతర వ్యాపకాలకొకటి, వ్యక్తిత్వానికొకటి. ఆసియా మూలాల పిల్లలకు చదువులో మార్కులు దండిగానే పడ్డాయి. వ్యక్తిత్వం దగ్గరికొచ్చేసరికి సగటున తగ్గాయి. తమాషా ఏమిటంటే, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పూర్వ విద్యార్థులకు ఈ పిల్లల్లో పెద్ద లోపం కనిపించలేదు. ఆఫీసులో ఫైలు తిరగేసినవాళ్లకే కనిపించింది. పెళ్లిచూపులకు వెళ్లొచ్చినవాళ్లు పిల్ల బంగారమంటే, ఇంట్లో ఫొటో చూసిన మేనత్త పెదవి విరిచినట్టు.

ఈ మేనత్తకు వందేళ్లు. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్‌కి క్లాసులో యూదు కుర్రాళ్లు ఎక్కువైపోయారనిపించింది. కోటా పెట్టి ఆపుదామంటే అధ్యాపకులు ఒప్పుకోలేదు. కొన్నేళ్లలో దరఖాస్తుకి ఫొటో జతచేయమన్నారు, శీలం చూడటం మొదలుపెట్టారు. పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకునేవాణ్ణి ఆపాలంటే పరీక్షలో లేని సబ్జెక్టు ఒకటి పెట్టాలి మరి!

అందరికీ ఈ సబ్జెక్టు ఇంత కష్టం కాదు. ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల సంతానం, డీన్ గారు ప్రత్యేకంగా ఆసక్తి చూపినవాళ్లు, అధ్యాపకుల, సిబ్బంది పిల్లలు: ఈ నాలుగు గుంపులకు వేరే గాలి వీస్తుంది. ఆ కేసులో బయటపడిన లెక్కల ప్రకారం, సీటొచ్చిన తెల్ల పిల్లల్లో 43 శాతం పైగా ఈ గుంపుల్లోవాళ్లే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో దీన్ని మేనేజ్‌మెంట్ కోటా అంటారు, 30 శాతం. మొరటు పేరే. అయినా ఆ కోటాలో చేరినవాడికి వ్యక్తిత్వం పొంగిపొర్లుతోందని మనవాళ్లు సర్టిఫికెట్ ఇవ్వరు.

2019లో పట్టుబడ్డ రిక్ సింగర్ అనే పెద్దమనిషి ఈ భవనానికి వాస్తు బాగా వివరించాడు. స్వయంగా చదివి వెళితే ముందు గుమ్మం. కాలేజీకి భూరి విరాళమిచ్చి వెళితే దొడ్డి గుమ్మం. తను తెరిచింది పక్క గుమ్మం. దొడ్డిదారి కన్నా చౌక. కోచ్‌లకు లంచాలిచ్చి, ఆట తెలియని పిల్లల్ని క్రీడాకారులుగా చూపించాడు. ఒక కుర్రాడి చేత వాటర్ పోలో ఆడుతున్నట్టు ఫొటో కూడా పుట్టించారు. సింగర్‌కి మూడున్నరేళ్ల జైలు పడింది. దొడ్డి గుమ్మానికి మాత్రం ఎప్పటిలాగే మామిడాకులు కడుతున్నారు.

2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు సీటు విషయంలో జాతి చూడకూడదంది. తండ్రిని చూడొచ్చా అన్నది ఆ కేసులో తేల్చాల్సిన ప్రశ్నే కాదు. కాలిఫోర్నియా ప్రైవేటు కాలేజీల్లో కూడా వారసుల మర్యాదలు మానమని 2024లో చట్టం చేసింది. స్టాన్‌ఫర్డ్ రాష్ట్రమిచ్చే స్కాలర్‌షిప్ డబ్బయినా వదులుకుంది గానీ వారసుల్ని వదులుకోలేదు. బంధుప్రీతి అంటే అదీ!

మా బావమరిది గోడు వేరే. డాలర్లు పోసి పెట్టుకున్న కన్సల్టెంటు, పిల్ల దరఖాస్తులో కూచిపూడి తీసేయమన్నాడట. ఆ బాపతు పిల్లలందరికీ అదే ఉంటుందని. 650 మాటల వ్యాసంలో ఏదైనా ఓటమి గురించి రాయమన్నాడట.

"మా పిల్ల ఎక్కడా ఓడిపోలేదు బావా. పదేళ్లు గెలిపించడానికే చచ్చాను. ఇప్పుడు ఓటమి ఎక్కణ్నుంచి తేను?"

"మంచి సీటు రాకపోతే అదే ఓటమి కదా, రాయమను" అన్నాను.

నవ్వలేదు. కాసేపాగి గొంతు తగ్గించాడు.

"రారిటన్ నది మాకు దగ్గరే బావా. పడవ నడిపేవాళ్లకి మంచి గిరాకీ ఉందట."

"పిల్లకి ఈత వచ్చా?"

"రాదు. తెడ్లు కొనేశాను."