తుప్పుకు తులాభారం

పెద్దలకు పిండం పెట్టడానికి పిఠాపురంలో పాదగయ ఉంది. ఆ పెద్దలు వదిలిపోయిన చేపలు పట్టే రీలుకి మాత్రం మనవళ్లు ససేమిరా పిండం పెట్టనివ్వరు.

తాతగారు ఎప్పుడో కాకినాడ రేవులో చవగ్గా బేరమాడి తెచ్చిన రీలది. ఏలేరు కాలవ గట్టున నాలుగుసార్లు విసిరారు. దారం చిక్కుపడింది. విసుగొచ్చి మళ్లీ వెదురు కర్ర, బెండు, వానపాములతోనే కూర్చున్నారు. అప్పుడు అటకెక్కిన రీలు ఇప్పుడు దిగింది. ‘వింటేజ్ అండి, ఆ రోజుల్లో సరుకే వేరండి, ఆయ్!’ అంటూ మనవడు ముప్పై వేలు చెబుతున్నాడు.

ఆ సరుకేమిటో మూత తీసి చూద్దాం. లోపల జింకు పోత గేరు, ఆ నాలుగు విసుర్లకే పళ్లు నలిగి గరగరమంటోంది. దారం జారే చోట తిరిగే రోలరు లేదు, ఒట్టి తీగ. ఇంకొన్నాళ్లు వాడుంటే ఆ తీగలోకి దారం కోసుకుపోయి గాడి పడేది. ఉప్పాడ సముద్రపు గాలికి రంగు పొక్కి, కింద తెల్లగా తుప్పు పట్టింది. దానికి ‘పాటినా’ అని, అంటే కాలం పెట్టిన మెరుగని పేరుపెట్టి అయిదు వేలు కలిపారు.

ఇన్నాళ్లు నిలిచిందంటే గట్టిదేగా అంటారు. షెడ్డులోంచి కదలని కారు ఒక్క యాక్సిడెంటూ చెయ్యలేదని డ్రైవరుకి శాలువా కప్పినట్టుంది.

అరుదైన సరుకట! పాత రీళ్లలో పేరున్నదాని సంగతే చూడండి. అమెరికాలోని టల్సాలో నూనె బావులకు బాంబులు చేసే జీరో అవర్ బాంబ్ కంపెనీ ఉండేది. ఆర్.డి. హల్ అనే గడియారాల రిపేరీ మనిషి దానికి రీలు తయారీ నేర్పాడు. మొదటిది 1949లో వచ్చింది, ఆ కంపెనీదే జెబ్కో 33 1954లో. చిన్నపిల్లలు కూడా బొత్తాం నొక్కి విసరగలిగేది కాబట్టి లక్షలకు లక్షలు అమ్ముడైంది. మంచి సరుకే, కాదనను. ఇంటింటా ఉన్నదాన్ని అరుదైనదని ఎలా అంటాం? పైగా దానికీ మనవడి పేరులేని రీలుకీ ఉన్న చుట్టరికం ఒక్కటే, రెండూ దారం చుడతాయి.

యాంటిక్ అనాలంటే మన 1972 చట్టం ప్రకారం వస్తువుకి కనీసం నూరేళ్లుండాలి. 1905లో ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన పేటెంటు తీసుకున్న రీలు ఎవరింట్లోనైనా ఉంటే తెమ్మనండి, లేచి నిలబడి దణ్ణం పెడతాను. మనవడి రీలుకి తాతగారి వయసు కూడా కలిపితే గానీ నూరు దాటదు.

‘ఇంటర్నెట్లో ఎనభై వేలకి ఉందండి’ అన్నది ఆఖరి అస్త్రం. ఉంటుంది మరి. ఎవరైనా కొనుంటే అక్కడెందుకుంటుంది?

పక్కనే ఉప్పాడలో జాందానీ చీరకీ వేలల్లోనే చెబుతారు. అది మగ్గం మీద రోజుల తరబడి కూర్చుని బుటా బుటాకీ చేత్తో పోగు వేస్తే దిగిన చీర. ధరెందుకో బట్ట మీదే కనిపిస్తుంది. అచ్చులో పోసి తీసిన గేరు మీద ఏం కనిపిస్తుంది?

ఈ విషయంలో నేను నమ్మే నిపుణుడు పాత సామాన్ల బండి మనిషే. రీలుకి అయస్కాంతం ఆనించాడు, అంటుకోలేదు. ఇత్తడేమోనని ఆశగా ఆకురాయితో గీకాడు. తెల్లగా తేలింది.

‘సిల్వరు రేటు కూడా రాదండి బాబూ. ఆ దారం ఇప్పించండి, మూటలు కట్టుకుంటాను.’