మెరిసిందని మురవకండి

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఎమ్మెస్సీయో ఎమ్‌ఫార్మసీయో చదువుతూ, బతికున్న కణాల్లో లోహ అయాన్లను చూపించే ఫ్లోరసెంట్ ప్రోబ్‌లతో ప్రాజెక్టు చేసే పిల్లలకు నేను చెప్పేవి తలకిందుల సలహాల్లా వినిపిస్తాయి. అయినా చెబుతాను.

ప్రోబ్ వెలిగిందా, వెంటనే ఆర్పడానికి చూడండి. వరి వేరు కొసలో జింకు కనబడిందనుకుందాం. టీపెన్ వేయండి. అది కణంలోకి దూరి జింకును గట్టిగా లాగేసుకుంటుంది. వెలుగు తగ్గితే సంతోషించండి. తగ్గలేదంటే మీరు చూసింది జింకు కాదు. వేరు గోడల్లోని లిగ్నిన్ ఏ ప్రోబూ లేకుండానే మెరుస్తుంది, ఆకులో పత్రహరితం ఎర్రగా మెరుస్తుంది. ప్రోబ్ వేయని వేరును కూడా అదే దీపం కింద ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం మన కృష్ణా పశ్చిమ డెల్టాయే. నీరు నిలిచిన మాగాణిలో జింకు వరికి సరిగా అందదు. ఆకుల మీద తుప్పు మచ్చలు చూసి రైతు ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు కొంటాడు. మొక్క లోపల అది ఎక్కడ ఆగిపోతోందో రేపు మీరు చెప్పాలి. దొంగ వెలుగును నమ్మి చెబితే నష్టపోయేది అతనే.

అన్నిటికన్నా గట్టిగా పట్టే ప్రోబ్ కోసం వెతకొద్దు. విశ్రాంతిగా ఉన్న కణంలో విడిగా తిరిగే కాల్షియం సుమారు 100 నానోమోలార్. కణం బయట దానికి పదివేల రెట్లు. 1985లో రోజర్ సియెన్ బృందం ప్రకటించిన ఫ్యూరా-2 అనే కాల్షియం ప్రోబ్ శరీర ఉష్ణోగ్రతలో 224 నానోమోలార్ దగ్గర సగం నిండుతుంది, అందుకే హెచ్చూ తగ్గూ రెండూ చూపగలిగింది. దానికి వంద రెట్లు గట్టి పట్టున్నది ఎప్పుడూ నిండే ఉంటుంది. ఎక్కువ మోతాదు వేసినా చేటే, తక్కెడే సరుకు మింగినట్టు ప్రోబే అయాన్లను దాచేసుకుంటుంది. బొమ్మ మసకగా వచ్చినా సరే, తక్కువే వేయండి.

రాగి సంగతి వేరు. రాగి(II) అయానులోని ఒంటరి ఎలక్ట్రాన్ వెలుగును ఆర్పేస్తుంది. అలాగని చీకటి పడగానే రాగి అని రాయొద్దు. ప్రోబ్ కణంలోంచి కారిపోయినా, కాంతికి పాడైనా చీకటే. రాగి తగిలితే వలయం విచ్చుకుని వెలిగే రోడమైన్ రకాలు మేలు. అయితే ఆ వలయాన్ని ఆమ్లం కూడా విప్పుతుంది, లైసోజోముల్లో ఆమ్లం ఉండనే ఉంది. అసిటోనైట్రైల్‌లో అందంగా వచ్చిన గ్రాఫును పక్కన పెట్టి, బఫరులో గ్లూటాథయోన్ మిల్లీమోలార్లలో కలిపి మళ్లీ చేయండి. కణంలో రాగిని ముందు అదే పట్టుకుంటుంది.

గాడి తప్పిన రీడింగును మాత్రం కొట్టేయొద్దు. 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతి ఇచ్చిన మన యల్లాప్రగడ సుబ్బారావు, కండర రసంలో ఆ నీలం ఆలస్యంగా రావడం చూసి వదిలేయలేదు. ఆ ఆలస్యం వెంట పోతేనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. ఆలస్యంగా వెలిగిన స్లైడు ఎదురైతే ఎన్ని నిమిషాలకు వెలిగిందో, గది ఎంత వేడిగా ఉందో నోటుబుక్కులో రాసుకోండి.