నానోసెకను కోతరాయుళ్లు

హైదరాబాద్ శివార్లలో కొంపల్లి నుంచి గండిమైసమ్మ దాకా రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్లే. శుభలేఖలో సుముహూర్తం రాత్రి 10 గంటల 47 నిమిషాలకని అచ్చేస్తారు. జీలకర్ర బెల్లం మాత్రం వీడియో తీసేవాడు తలూపినప్పుడే పడుతుంది. పెళ్లిలో దాన్నెవరూ తప్పు పట్టరు. అదే దారిలో ఉన్న బహదూర్‌పల్లి మాత్రం సత్యం కంప్యూటర్స్ కాలం నుంచీ సాఫ్ట్‌వేర్ ఎరిగిన ఊరు. అలాంటి చోట టీ బండి దగ్గర నిలబడి, “అన్నా, మన థ్రెడ్డు కరెక్టుగా మిల్లీసెకనుకోసారి లేస్తది” అని ఎవరైనా చెబితే నాకు గ్లాసు చేతిలోంచి జారుతుంది.

ఇంతకీ ఈ మహానుభావుడు చేసిందేమిటి? లూపులో ‘స్లీప్ 1’ అని రాశాడు. మామూలు విండోస్ గడియారం టిక్కు 15.6 మిల్లీసెకన్లకోసారి కొడుతుంది. ఒకటికి లేపమంటే దాదాపు పదహారుకి లేపుతుంది. వెయ్యి చుట్లు సెకనులో అయిపోవాలని ఈయన లెక్క, పదిహేను సెకన్లు దాటుతుంది. “మా మెషిన్లో బాగానే వచ్చిందే!” అనేవాడు. ఎందుకు రాదు? పక్కన బ్రౌజర్‌లో పాట నడుస్తుండేది. 2020 నాటి మార్పుకు ముందు విండోస్‌లో ఏ ఒక్క ప్రోగ్రాం టిక్కును చురుకు చేసినా అందరికీ చురుకయ్యేది. పాట ఆపితే ఈయన హైస్పీడ్ సాఫ్ట్‌వేర్ నీరుగారిపోయేది. ఆ ఘనతలో సగం సినిమా సంగీత దర్శకుడికి చెందాలి.

జావా వాళ్లది ఇంకా మర్యాదస్తుల వ్యవహారం. స్లీప్‌కి మిల్లీసెకన్ల పక్కనే నానోసెకన్లు కూడా ఇవ్వొచ్చు. సున్నా మిల్లీ, 500 నానో అని రాసి రెజ్యూమెలో ‘అల్ట్రా లో లేటెన్సీ’ అని చేర్చుకోవచ్చు. 2023లో జావా 21 వచ్చేదాకా అది ఆ 500ను కిమ్మనకుండా పుచ్చుకుని, లోపల ఒక మిల్లీసెకనుగా మార్చేసేది. అంటే అడిగినదానికి రెండువేల రెట్లు!

లినక్స్ మెరుగే. అక్కడా మామూలు థ్రెడ్డుకు 50 మైక్రోసెకన్ల వెసులుబాటు కెర్నెల్ తన దగ్గర ఉంచుకుంటుంది. స్లీప్ అంటే ‘కనీసం ఇంతసేపు’ అని. ఆ పైన ఎంతన్నది షెడ్యూలర్ దయ. ఆ దయ మీద ఆధారపడలేకే కొందరు ఇరవై ఏళ్లు కష్టపడ్డారు. వాళ్ల రియల్‌టైమ్ ప్యాచ్ 2024లో గానీ అసలు కెర్నెల్‌లో, 6.12 వెర్షన్‌లో, పూర్తిగా చేరలేదు.

ఇక అసలు నిద్రే వద్దని వైల్ లూపులో గడియారం చూస్తూ కూర్చునేవాళ్లు. కోర్ నూటికి నూరు శాతం, ఫ్యాన్ రొద. ఆ కోర్‌ను వేరుచేసి, ప్రయారిటీ ఇచ్చి, మెమరీ లాక్ చేస్తే ఈ పద్ధతీ పనికొస్తుంది. అవేమీ చేయకుండా ల్యాప్‌టాప్‌లో తిప్పితే అది రూమ్ హీటరు.

సగటు చూపించే ఘనుల సంగతి చెప్పకపోతే పాపం. వెయ్యిలో 999 సార్లు ఒక మిల్లీసెకనుకే లేచి, ఒక్కసారి 40 పట్టిందనుకోండి. సగటు 1.039. స్లైడు మీద ఎంత ముద్దుగా ఉంటుందో! కానీ చేయాల్సిన పని పడింది ఆ ఒక్కసారే అయితే?

వీళ్లందరిలోకీ ముదురు, ఇక్కడి గదిలో కూర్చుని ముంబై షేర్ మార్కెట్లో మైక్రోసెకన్లతో పోటీ పడతాననేవాడు. ముంబై 600 కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. ఆర్డరు అక్కడికి చేరేసరికే మూడు మిల్లీసెకన్లు, అంటే మూడువేల మైక్రోసెకన్లు, దారిలోనే ఖర్చు. పోటీ పడగలవాళ్లు డబ్బు పోసి ఎక్స్ఛేంజీ ఆవరణలోనే సర్వర్ పెట్టుకుంటున్నారు.

ఇంటర్వ్యూలు చేసే అన్నలకూ అక్కలకూ ఓ విన్నపం. రెజ్యూమెలో నానోసెకను కనబడితే ఆహా అనకండి. ఏ మెషిన్ మీద, ఎంత లోడులో, ఎన్ని గంటలు కొలిచావు, అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం ఎంత వచ్చిందని అడగండి. సగటు చెప్పబోతే ఆపి, మళ్లీ అదే అడగండి.