గొడ్డు ఎవరిదో అడగని పంచాయతీ

షావోమీ కంపెనీ మన దేశంలో తయారుచేయించిన మొట్టమొదటి ఫోను సత్యవేడు పక్కనే పుట్టింది. 2015 ఆగస్టులో, శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. పేరు రెడ్‌మీ 2 ప్రైమ్. బిగించింది ఇక్కడ, ఫోటోలు దిగింది మాత్రం విశాఖపట్నంలో, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు సమక్షంలో. రెండేళ్లకు రెండో ఫ్యాక్టరీ కూడా ఇక్కడే అన్నారు. రెండూ కలిసి పని నడిచే వేళల్లో సెకనుకో ఫోను తీస్తాయని కంపెనీ చెప్పుకుంది. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. కాబట్టి టెక్నాలజీ గురించి సత్యవేడుకు ఎవరూ కొత్తగా పాఠం చెప్పక్కర్లేదు. అట్టపెట్టె దగ్గర్నుంచి మాకు తెలుసు.

తెలియనిదల్లా ఆ పెట్టెలోంచి బయటికి ఏం పోతోందన్నదే.

2018లో షావోమీ అధినేత లేయ్ జున్ ఒక మాటిచ్చారు. ఫోన్లూ గీన్లూ అమ్మితే వచ్చే నికర లాభాన్ని నూటికి ఐదు దాటనివ్వబోమన్నారు. నూటికి ఐదుతో సరిపెట్టుకునే షావుకారును మా తాలూకాలో ఎవరూ చూసిన పాపాన పోలేదు గనక, మహానుభావుడే అనుకున్నాం. అసలు సంగతేమిటంటే కంపెనీకి ఇంటర్నెట్ సేవలనే ఇంకో ఆదాయం ఉంది. అందులో ప్రకటనలది పెద్ద వాటా. ఫోను మనకు చవగ్గా అమ్ముతారు, దాన్ని చూసే మన కళ్లను ఇంకొకరికి మంచి ధరకు అమ్ముతారు. ఇదేం వాళ్లొక్కరి కిటుకు కాదు. ఫేస్‌బుక్ వాళ్లు ఫోను కూడా ఇవ్వకుండానే ఇదే బేరం చేస్తున్నారు. శ్రీసిటీలో షిఫ్టు దిగిన పిల్ల బస్సులో ఫోను తీసి ఒక చీర చూస్తుంది. కొనదు. ఆ చీర మాత్రం ఆమెను వదలదు. వార్తల్లో వస్తుంది, వంటల వీడియోలో వస్తుంది, అయ్యప్ప పాటల మధ్యలో కూడా వస్తుంది.

2020 ఏప్రిల్‌లో ఫోర్బ్స్ పత్రిక ఒక పరిశోధకుడు చెప్పిన సంగతి రాసింది. షావోమీ బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో పెట్టుకుని చాటుగా చూసినవాటి వివరాలు కూడా సర్వర్లకు చేరుతున్నాయని. కంపెనీ ఒప్పుకోలేదు. మేం తీసుకునేది ఎవరిదో తెలియని గుంపు లెక్కలే, అదీ అనుమతితోనే అంది. అని ఊరుకోకుండా, కొద్దిరోజులకే ఆ లెక్కల సేకరణను ఆపుకునే మీట ఒకటి బ్రౌజర్లో పెట్టింది. ఏ తప్పూ లేనిచోట అంత తొందరగా మీట మొలవడం మా ప్రాంతపు కరెంటు ఆఫీసు చరిత్రలో లేదు.

ఆ ఏడాదే జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్ పీకేశాం, భారత్ మాతాకీ జై అని ఊరంతా వాట్సాప్ స్టేటస్‌లు పెట్టింది. పీకింది చైనా కంపెనీ ఫోనులోంచి. దాన్ని బిగించింది తైవాన్ కంపెనీ. బిగించిన చోటు శ్రీసిటీ. స్టేటస్ పెట్టింది అమెరికా కంపెనీ యాప్‌లో. సార్వభౌమత్వం అంటే అదే మరి. మన డేటా ఏ దేశం పోవాలో మనమే నిర్ణయించుకున్నాం.

ఇంత జరుగుతుంటే సత్యవేడులో చర్చ లేదనుకుంటే పొరపాటు. టీ అంగట్లో రోజూ ఉంది.

"మామా, మనం మాట్లాడేది ఫోను వింటా ఉండాదంట."

"విననీరా. ఇంట్లో నా మాట ఎవురూ వినేది లేదు. అదన్నా వినిందంటే సంతోషమే."

"నగవద్దు మామా. నీ సంగతులన్నీ ఎవురికో తెలిసిపోతాయంట."

"నా కాడ దాచిపెట్టుకునేదానికి ఏముండాదబ్బా? రెండెకరాలు, రేషన్ కార్డు, షుగరు. అంతే గదా."

"ఆ షుగరు సంగతే వాళ్లకి కావల్సింది."

ఈ మామకు 2018 నాటి అన్న సంజీవిని కథ ఎవరూ చెప్పినట్టు లేదు. చవక మందుల కోసం ప్రభుత్వం పెట్టించిన దుకాణాలవి. ఎవరు వచ్చారు, ఫోన్ నంబరేమిటి, ఏ మందు కొన్నారు అన్నది ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎవరంటే వాళ్లు చూసుకునేలా పడి ఉందని ఆ జూన్‌లో బయటపడింది. బీపీ మాత్రలు కొన్నవాళ్లూ ఉన్నారు, పడకగది మాత్రలు కొన్నవాళ్లూ ఉన్నారు. అంతకు రెండు నెలల ముందే గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం బయటికి కనిపిస్తున్నాయని శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు చూపించారు. దొంగ ఎవరూ తాళం పగలగొట్టలేదు. తలుపే పెట్టలేదు. పారదర్శక పాలన అని బోర్డు పెట్టినవాళ్లు మాట నిలబెట్టుకున్నారనుకోవాలి. పారదర్శకమైంది పాలన కాదు, పాలితుడు.

దాచుకునేదేం లేదనేవాళ్లంతా మగవాళ్లే కావడం కూడా నేను గమనిస్తున్నాను. ఫోన్ నంబరు రీచార్జి షాపులో చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు తగ్గించే ఆడపిల్లను అడగండి, ప్రైవసీ అంటే ఏమిటో సుప్రీంకోర్టుకన్నా క్లుప్తంగా చెబుతుంది.

ఇక రాజకీయం. 2019 మార్చి, ఎన్నికలు నెత్తిమీద ఉన్నాయి. తెలుగుదేశం పార్టీకి సేవా మిత్ర అనే యాప్ చేసిపెట్టిన ఐటీ గ్రిడ్స్ అనే హైదరాబాద్ కంపెనీ మీద సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. ఓటర్ల వివరాలు, ప్రభుత్వ పథకాల వివరాలు అందులోకి చేరాయని ఆరోపణ. తెలంగాణ ప్రభుత్వం సిట్ వేసింది. మా పార్టీ డేటాను మీ పోలీసులే ఎత్తుకుపోయారని ఇటువైపు నుంచి ఫిర్యాదు. ఆంధ్ర ప్రభుత్వమూ సిట్ వేసింది. మా ఓట్లు తీసేయడానికి లక్షల్లో ఫారం-7లు పెట్టారని ఇంకో ఫిర్యాదు. దానికి ఇంకో సిట్. పోలింగ్ ఏప్రిల్ 11న అయిపోయింది. ఆ వెంటనే ఆధార్ సంస్థ ఫిర్యాదు వచ్చింది. స్వాధీనం చేసుకున్న హార్డ్ డిస్కుల్లో రెండు రాష్ట్రాల వాళ్ల ఆధార్ వివరాలు 7.82 కోట్ల మందివి ఉన్నాయని పరీక్షలో తేలిందట. మా సర్వర్లలోకి మాత్రం ఎవరూ చొరబడలేదని ఆ సంస్థే మళ్లీ ప్రకటించింది. సంతోషం. ఇంట్లో దొంగలు పడలేదు, నగలు మాత్రం పొరుగింట్లో ఉన్నాయి.

మా వైపు గొడ్డు పోతే పంచాయతీలో మొదట అడిగేది, గొడ్డు ఎవరిదిరా అని. ఆ మనిషిని పిలిచి ముందు కూర్చోబెడతారు. కొమ్ము ఎట్లా ఉంటుంది, మచ్చ ఎక్కడ ఉంది అని అతన్నే అడుగుతారు. డేటా పంచాయతీలో ఆ ఆచారం లేదు. నా గొడ్డును నువ్వు తోలుకుపోయావని ఒక పార్టీ, కాదు నువ్వే తోలుకుపోయావని ఇంకో పార్టీ. రెండింటికీ చెరో పోలీసు శాఖ. 7.82 కోట్ల యజమానుల్లో ఒక్కరికైనా, అయ్యా మీ వివరాలు ఫలానా చోట దొరికాయి, వచ్చి గుర్తుపట్టండి అని చీటీ వచ్చిందా? సత్యవేడులో నేను అడిగినవాళ్లలో ఎవరికీ రాలేదు.

పంచాయతీ అక్కడితో ముగియలేదు. ప్రభుత్వం మారి జగన్ వచ్చాక 2022 మార్చిలో, చంద్రబాబు హయాంలో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ కొన్నారన్న ఆరోపణ మీద అసెంబ్లీ హౌస్ కమిటీ పడింది. అధ్యక్షుడు అప్పటి మన తిరుపతి ఎమ్మెల్యే భూమన కరుణాకర్‌రెడ్డి. సెప్టెంబరులో మధ్యంతర నివేదిక వచ్చింది. పెగాసస్ కోసం వెతకబోయిన కమిటీకి మళ్లీ సేవా మిత్రే దొరికింది.

అప్పటికే ఇటువైపు ఇంటింటికీ వాలంటీర్లున్నారు. 2019 ఆగస్టు 15న మొదలైన వ్యవస్థ అది, యాభై ఇళ్లకు ఒకరు. యాప్‌తో పనిలేదు, మనిషే యాప్. ఎవరింట్లో ఎవరు ఏ ఊరు పోయారో, ఎవరికి ఎవరితో పడదో, ఎవరు ఏ టీవీ చూస్తారో నోటి లెక్క. మంచి చేయలేదని కాదు. ఒకటో తేదీ తెల్లారకముందే పింఛను తెచ్చిచ్చిన పిల్లలు వాళ్లు. మరి ఆ వివరాలన్నీ ఎక్కడికి చేరుతున్నాయని 2023 జూలైలో పవన్ కల్యాణ్ ఏలూరు సభలో లేవనెత్తారు. మనుషుల అక్రమ రవాణా దాకా సాగదీశారు కూడా. జవాబు వస్తుందని చూశాం. వచ్చింది, ఆయన మీద పరువునష్టం దావాకు అనుమతిస్తూ జీవో. పరువు ఎవరిదో ప్రభుత్వానికి వెంటనే తెలిసింది. డేటా ఎవరిదో తెలియడానికే ఆలస్యమవుతోంది.

ఆ ఏడాదే ఏప్రిల్‌లో తలుపు మీద జగన్ స్టిక్కరు, ఫోను వెనక ఇంకో స్టిక్కరు, పైగా ఒక మిస్డ్ కాల్. ఏడాది చివర్లో తెలుగుదేశం వాళ్ల బాబు ష్యూరిటీ, భవిష్యత్తుకు గ్యారెంటీ. ఇంటికొచ్చి వివరాలు రాసుకుని, మీకింత వస్తుందని లెక్కేసి కాగితం చేతిలో పెట్టడం. 2024 మార్చిలో వికసిత్ భారత్ పేరుతో ప్రధాని లేఖ నేరుగా వాట్సాప్‌లోకి. మా నంబరు మీకు ఎవరిచ్చారని విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా అడిగారు. ఎన్నికల సంఘం ఆ సందేశాలు ఆపమంది. మే 2న అన్ని పార్టీలకూ ఇంకో మాట చెప్పింది. గెలిచాక ఇచ్చే పథకాల కోసమంటూ ఇప్పుడే సర్వేల పేరుతో ఓటర్ల పేర్లు నమోదు చేసుకోవద్దని. మన రాష్ట్రంలో పోలింగ్ మే 13. అప్పటికి రాసుకోవలసినవాళ్లు రాసుకోవడం అయిపోయింది.

ఇంత కష్టపడి సేకరించిన లెక్కలతో పార్టీలు బాగుపడ్డాయా అంటే, అదీ అనుమానమే. ఓటరు ఎవరివాడో బూత్ వారీగా తేల్చడం ఈ యాప్‌ల ముఖ్యోద్దేశం. మా నియోజకవర్గంలో 2019లో ఫ్యాను గుర్తు మీద గెలిచిన కోనేటి ఆదిమూలం గారు, 2024లో సైకిలు గుర్తు మీద గెలిచారు. ఎమ్మెల్యే ఎవరివాడో ఐదేళ్లు నిలకడగా చెప్పలేని యాప్, ఓటరు సంగతి చెబుతుందా?

చట్టం లేదా అంటారు. ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఆరేళ్లు ఆలోచించి 2023 ఆగస్టులో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. ఇంకో రెండేళ్లు ఆలోచించి 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం దానికి నిబంధనలు ఇచ్చింది. అందులో మంచి కూడా ఉంది. అనుమతి అడిగే నోటీసు తెలుగులో కావాలంటే తెలుగులో ఇవ్వాలి. డేటాను కాపాడలేని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ సొమ్ము పోయేది కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి. వివరాలు పోగొట్టుకున్నవాడికి ఇందులో నష్టపరిహారం లేదు. అతనికి జరిమానా మాత్రం ఉంది. తప్పుడు ఫిర్యాదో పనికిమాలిన ఫిర్యాదో పెట్టాడని తేలితే పదివేల రూపాయల దాకా. సబ్సిడీలు, సర్టిఫికెట్ల కోసమైతే ప్రభుత్వం మళ్లీ మన అనుమతి అడగకుండానే పని నడిపించుకునే వీలుంది. కేంద్రం కోరుకున్న ప్రభుత్వ సంస్థలకు చట్టం నుంచే మినహాయింపు ఇచ్చుకోవచ్చు. గొడ్డును కాపాడే చట్టమే, కాకపోతే బందెలదొడ్డి వాళ్లు రాసుకున్నట్టుంది.

ఈలోగా 2025 జనవరి 30న మన మిత్ర వచ్చింది. 161 సేవలతో వాట్సాప్ పాలన, ఫేస్‌బుక్ వాళ్ల మెటా కంపెనీతో ఒప్పందం చేసుకుని. సౌకర్యమే, కాదనను. ఒక సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ చెప్పులరగ్గొట్టుకున్నవాడికి ప్రైవసీ ఉపన్యాసం ఇస్తే చెప్పు నా మీదికే వస్తుంది. నేనడిగేది ఒకటే. 2018లో వెబ్‌సైట్లకు తలుపులు పెట్టించనిదీ, 2023లో వాలంటీర్ల డేటా ఎక్కడుందని నిలదీసిందీ, ఇప్పుడు వాట్సాప్‌లో పాలిస్తున్నదీ దాదాపు ఒకే జట్టు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వచ్చిన అనుమానాలు అధికారంలోకి రాగానే ఎవరి హార్డ్ డిస్కులో దాచారు? ఎదుటి పార్టీ సంగతీ అంతే. 7.82 కోట్ల కోసం గుండెలు బాదుకున్నవాళ్లే యాభై ఇళ్లకో మనిషిని కూర్చోబెట్టారు.

మళ్లీ ఎవరో ఒకరు ట్యాబు పట్టుకుని మీ గడపకు వస్తారు. ఓటీపీ చెప్పమ్మా, పథకం వస్తుంది అంటారు. ఏ పార్టీ బిడ్డవని అడగొద్దు, అది మనకు అనవసరం. ఈ వివరాలు ఎవరి కంప్యూటర్లోకి పోతాయి, ఎన్నాళ్లుంటాయి, తీసేయమంటే ఎవరు తీసేస్తారు, ఈ మూడు అడగండి. చెప్పలేకపోతే మంచినీళ్లిచ్చి పంపండి. చట్టంలో మనకు పనికొచ్చే నిబంధనల్లో చాలావాటికి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. అవి అమలయ్యేది 2027 మేలో. అసెంబ్లీ ఎన్నికలు రావలసింది 2029లో.